నిందితుడు దొరక్కపోయినా బాధితులకు హక్కులుంటాయి

నేరం జరిగిన ఇంట్లో పరిహారం మాటెత్తితే ఎక్కువగా వినబడే జవాబు, "ముందు కేసు తేలనివ్వండి". స్టేషన్లో రైటర్ అదే చెబుతాడు, ఊళ్లో పెద్దమనిషి అదే చెబుతాడు, కొన్నిసార్లు వకీలు కూడా అంతే. వాయిదా మీద వాయిదా పడి కేసు తేలేసరికి ఏళ్లు గడిచిపోతాయి. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో పట్టపగలు, ఆసుపత్రి ముందు జరిగిన పరువు హత్యను సీసీ కెమెరా దృశ్యాలతో సహా దేశమంతా చూసింది. ఆ కేసులో నల్గొండ కోర్టు తీర్పు 2025 మార్చిలో వచ్చింది. అంత పేరుపడ్డ కేసుకే ఆరున్నరేళ్లు పట్టిందంటే, పేపర్లో నాలుగు లైన్ల వార్తగా వచ్చిపోయే కేసుల సంగతి చెప్పక్కర్లేదు. ఈలోగా ఆసుపత్రి అప్పుకు వడ్డీ పెరుగుతుంది, పిల్లల చదువు మధ్యలో ఆగుతుంది, సంపాదించే మనిషి పోయిన కుటుంబం పుట్టింటివాళ్ల మీదో అన్నదమ్ముల మీదో పడుతుంది.

కేసు తేలేదాకా ఆగమని చట్టం ఎక్కడా చెప్పలేదు. 2009 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) సవరణ కేసును, పరిహారాన్ని విడదీసింది. అప్పటి సెక్షన్ 357ఏ ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో సెక్షన్ 396గా ఉంది. దాని ప్రకారం బాధితులకు, వాళ్ల మీద ఆధారపడినవాళ్లకు పునరావాసం కోసం డబ్బు ఇవ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. నేరం చేసినవాడు ఎవరో తెలియకపోయినా, దొరక్కపోయినా, విచారణే మొదలుకాకపోయినా బాధితులు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. కేసు కొట్టేసి నిందితుడు నిర్దోషిగా బయటికి వచ్చినా, బాధితులను ఆదుకోవాల్సిన అవసరం ఉందనిపిస్తే పరిహారానికి కోర్టు సిఫారసు చేయవచ్చు.

పాత పద్ధతిలో పరిహారం అంటే దోషికి వేసిన జరిమానాలోంచి ఎంతో కొంత ఇప్పించడమే. ముందు దోషి దొరకాలి, నేరం రుజువు కావాలి, జరిమానా పడాలి, అది వసూలు కావాలి, పైకోర్టులో అప్పీలు ముగియాలి. ఇన్ని గడపలు దాటి బాధితుల చేతికి వచ్చేది చాలా కేసుల్లో దారి ఖర్చులకు కూడా చాలదు. ఆ జరిమానా దారి (ఇప్పటి సెక్షన్ 395) ఇంకా ఉంది. 2013లో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రతి క్రిమినల్ కేసులోనూ పరిహారం ఇవ్వాలా వద్దా అని జడ్జి ఆలోచించి తీరాలని, ఇవ్వకపోతే కారణం రాయాలని చెప్పింది. అయినా చాలా తీర్పుల చివర ఆ ప్రస్తావనే కనబడదు. అందుకే 396 ముఖ్యం. పౌరుణ్ని కాపాడలేకపోయిన ప్రభుత్వం, కనీసం నేరం తర్వాతైనా బాధ్యత తీసుకోవాలన్నది దాని వెనకున్న ఆలోచన.

ఈ దరఖాస్తు ఇవ్వాల్సింది పోలీసులకు కాదు, కలెక్టరేట్‌లో కాదు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో. ఎఫ్‌ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్ లేదా పోస్టుమార్టం రిపోర్టు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు, మనిషి చనిపోతే తహశీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ మామూలుగా అడుగుతారు. దరఖాస్తు అందాక విచారణను 2 నెలల్లో ముగించాలని చట్టమే గడువు పెట్టింది. అంతవరకూ ఆగలేని పరిస్థితి అయితే తాత్కాలిక సాయం అడగవచ్చు. స్టేషన్ హౌస్ ఆఫీసర్ లేదా మేజిస్ట్రేట్ ధ్రువీకరణ ఉంటే ఉచిత వైద్యానికీ ఆదేశించవచ్చు.

ఎంత ఇస్తారన్నది నేరాన్ని బట్టి మారుతుంది. మహిళలకు సంబంధించి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) తయారుచేసిన పథకాన్ని సుప్రీంకోర్టు ఆమోదించగా, 2018 అక్టోబరు 2 నుంచి అది దేశమంతటికీ కనీస ప్రమాణమైంది. అందులో అత్యాచారానికి 4 లక్షల నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు, యాసిడ్ దాడిలో ముఖం రూపం మారిపోతే 7 నుంచి 8 లక్షలు, ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు. లైంగిక దాడికి గురైన పిల్లల విషయంలోనూ పోక్సో కోర్టులు ఈ పథకాన్నే ఆధారంగా తీసుకోవాలని అదే ఏడాది సుప్రీంకోర్టు చెప్పింది. యాసిడ్ బాధితులకైతే విషయం తెలిసిన 15 రోజుల్లో మొదటి లక్ష రూపాయలు చేరాలి.

మంజూరైన డబ్బంతా ఒకేసారి చేతికి రాదు. ఈ పథకంలో మామూలుగా 25 శాతం ఖర్చులకు వాడుకోవడానికి ఇస్తారు, మిగతా 75 శాతం కనీసం మూడేళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తారు. మైనర్లయితే 80 శాతం డిపాజిట్‌లోనే ఉండి మేజరయ్యాక అందుతుంది. చదువుకో, వైద్యానికో అవసరమైతే ముందే తీసుకునేందుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బాధితురాలి డబ్బును భర్తో, బంధువులో లాగేసుకోకుండా ఈ ఏర్పాటు కొంత కాపాడుతుందన్నది నిజమే. ఆ రోజు ఇంట్లో బియ్యం లేని మనిషికి ఇది కోపం తెప్పిస్తుందన్నదీ నిజమే.

ఇదే పథకంలో అందరి కళ్లు దాటిపోయే నిబంధన ఒకటుంది. ఈ నేరాల్లో ఎఫ్‌ఐఆర్ కట్టగానే దాని కాపీని న్యాయ సేవాధికార సంస్థకు పంపడం పోలీసుల విధి. అంటే బాధితురాలు వెతుక్కుంటూ వెళ్లకముందే ఆమె విషయం ఆ ఆఫీసుకు తెలిసి ఉండాలి. తగిన కేసుల్లో సంస్థ తనంతట తాను తాత్కాలిక సాయం మొదలుపెట్టవచ్చు కూడా. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకదు. ఆచరణలో నేరం జరిగిన ఇంటికి ముందు యూట్యూబ్ ఛానళ్ల మైకులు వస్తాయి, తర్వాత పార్టీల నాయకులు వస్తారు, న్యాయ సేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీరు ఎప్పటికోగానీ రాడు. మంజూరు ఉత్తర్వు వచ్చాక కూడా ఖజానా నుంచి నిధులు విడుదల కాక ఫైళ్లు ఆగిపోవడం ఇంకో తలనొప్పి.

మొదటి గడప: ఎఫ్‌ఐఆర్

పైన చెప్పినవన్నీ ఒక కాగితం మీద నిలబడ్డాయి. అది ఎఫ్‌ఐఆర్. అది లేకపోతే పరిహారం దరఖాస్తు ముందుకు కదలడమే కష్టం. అందుకే బాధితుల హక్కులకు అసలు పరీక్ష పెద్ద కోర్టుల్లో కాదు, స్టేషన్ రిసెప్షన్ బల్ల దగ్గరే జరుగుతుంది.

కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం) గురించి సమాచారం అందితే కేసు కట్టి తీరాలని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. "మా పరిధి కాదు" అనే మాటకు జవాబు జీరో ఎఫ్‌ఐఆర్, అంటే ఏ స్టేషన్లోనైనా కేసు కట్టి తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపడం. నిర్భయ ఘటన తర్వాత జస్టిస్ వర్మ కమిటీ దీన్ని గట్టిగా కోరింది. అయినా 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలు కనిపించకుండా పోయిన రాత్రి ఏం జరిగిందో తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఫిర్యాదుకు వెళ్లిన కుటుంబం పరిధి పేరుతో ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిరగాల్సి వచ్చింది. ఆలస్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆమె అసలు పేరు బయటపడకుండా పోలీసులు 'దిశ' అని పిలిచేసరికే, సోషల్ మీడియాలో పేరు, ఫొటో ఊరూరా తిరిగాయి. లైంగిక నేర బాధితుల గుర్తింపు బయటపెడితే రెండేళ్ల వరకు జైలు ఉంటుందన్న సంగతి (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72) ఫార్వర్డ్ చేసిన వాళ్లలో ఎందరికి తెలుసో అనుమానమే.

2024 జులై 1 నుంచి జీరో ఎఫ్‌ఐఆర్ అధికారుల దయ మీద ఆధారపడిన సర్క్యులర్ కాదు. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173లోనే, నేరం ఎక్కడ జరిగిందన్నదానితో పనిలేకుండా సమాచారం తీసుకోవాలని రాసేశారు. ఫిర్యాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపవచ్చు. అలా పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. నమోదైన సమాచారం కాపీని ఫిర్యాదుదారుకు గానీ బాధితులకు గానీ ఉచితంగా ఇవ్వాలి. ఎస్సై కాదంటే ఫిర్యాదు సారాంశాన్ని పోస్టులో ఎస్పీకి పంపాలి, కమిషనరేట్లలో ఆ పై అధికారికి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి. రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచుకోవడం ఇక్కడ చిన్న విషయం కాదు. మేజిస్ట్రేట్ ముందు "ఎస్పీకి పంపారా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అత్యాచారం, యాసిడ్ దాడి లాంటి నేరాల్లో కేసు కట్టని పోలీసు అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల కఠిన కారాగార శిక్ష కూడా చట్టంలో ఉంది.

కొత్త చట్టం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో కొంత వెనక్కి తీసుకుంది కూడా. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, కేసు కట్టే ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ జరపవచ్చు. కొన్ని రకాల మోసాలు, దాడులు ఈ కోవలోకి వస్తాయి. ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేయించే అలవాటున్న స్టేషన్లకు ఈ 14 రోజులు చాలు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసుల్లో మాత్రం ఇలాంటి ప్రాథమిక విచారణ అవసరం లేదని ఆ చట్టంలోని 18ఏ స్పష్టంగా చెబుతోంది.

ఫిర్యాదు కాగితం దగ్గర కాస్త ఆగాలి. చాలా స్టేషన్లలో "పిటిషన్ రాసివ్వండి" అంటారు. బయట జిరాక్స్ షాపు దగ్గర ఎవరో ఒకరు రాసిపెడతారు, లేదా రైటర్ తన మాటల్లో రాసి చదివి వినిపించకుండానే సంతకం పెట్టిస్తాడు. కర్రతో కొట్టాడో కత్తితో పొడిచాడో, కులం పేరుతో తిట్టాడో లేదో, ఎంతమంది ఉన్నారో, సమయం ఎంతో ఆ కాగితంలో లేకపోతే రెండేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు పట్టుకునేది అదే. ఆసుపత్రిలోనూ అంతే. ఎంఎల్‌సీ (పోలీసు కేసుల వైద్య) రిజిస్టర్‌లో గాయం 'సింపుల్' (మామూలు) అని రాశారా 'గ్రీవియస్' (తీవ్రం) అని రాశారా అన్నదాన్ని బట్టి సెక్షన్ మారుతుంది, బెయిల్ మారుతుంది, పరిహారం శ్లాబు కూడా మారుతుంది. ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు తర్వాత తేలితే ఆ రిపోర్టు దర్యాప్తు అధికారికి చేరిందో లేదో కనుక్కోవాల్సిన పని, దురదృష్టవశాత్తూ, కుటుంబానిదే అవుతుంది.

కోర్టులో సీటు ఉంది, మైకు లేదు

ఛార్జిషీటు పడ్డాక బాధితుడి హోదా 'ప్రాసిక్యూషన్ సాక్షి నంబర్ 1'. సమన్లు వస్తే రావాలి, అడిగింది చెప్పాలి, వెళ్లాలి. కేసు 'రాష్ట్రం వర్సెస్ నిందితుడు'. మొన్నటిదాకా ఆ లెక్కలో బాధితుడికి ఇంతకుమించి చోటు లేదు.

గత పదిహేనేళ్లలో ఇది చాలా మారింది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలని కొత్త చట్టం చెబుతోంది, వాట్సాప్‌లో అయినా సరే. వకీలును పెట్టుకుంటే ఛార్జిషీటు కాపీ ఉచితంగా వస్తుంది. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవాలంటే బాధితుల వాదన వినకుండా కోర్టు అనుమతించకూడదు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా కేసులు ఎత్తేయడం మామూలైన తెలుగు రాష్ట్రాల్లో ఇది చిన్న మార్పేమీ కాదు. లఖింపూర్ ఖేరి కేసులో 2022 ఏప్రిల్‌లో నిందితుడి బెయిల్ రద్దు చేస్తూ సుప్రీంకోర్టు, దర్యాప్తు దశ నుంచి అప్పీలు ముగిసేదాకా ప్రతి దశలోనూ బాధితులకు తమ మాట వినిపించుకునే హక్కు ఉందని చెప్పింది. నిందితుణ్ని వదిలేసినా, చిన్న సెక్షన్ కింద శిక్ష వేసినా, పరిహారం తక్కువ ఇచ్చినా బాధితులు సొంతంగా అప్పీలు చేయవచ్చు. దానికి ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదని 2018లో మల్లికార్జున కొడగలి కేసులో తేలింది. చెక్‌బౌన్స్ కేసుల్లో డబ్బు రావాల్సిన మనిషి కూడా బాధితుడేనని 2025లో సుప్రీంకోర్టు చెప్పడంతో ఆ అప్పీలు దారి వాళ్లకూ తెరుచుకుంది.

ఇంత ఉన్నా ఒక గోడ మాత్రం కదల్లేదు. బాధితుల వకీలు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు సాయం చేయవచ్చు, సాక్ష్యం ముగిశాక రాతపూర్వకంగా వాదన ఇవ్వవచ్చు. కానీ నేరుగా లేచి వాదించడానికి, సాక్షులను ప్రశ్నించడానికి వీల్లేదని 2019లో రేఖా మురార్కా కేసులో సుప్రీంకోర్టు అంది. ప్రాసిక్యూషన్ ప్రైవేటు పగగా మారకూడదన్నది కారణం. సబబైన కారణమే. అయితే ఒక్కో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) చేతిలో గుట్టలుగా ఫైళ్లుండే కోర్టులో, వాయిదా రోజు పొద్దున్నే తొలిసారి ఫైలు తెరిచి చూసుకునే పరిస్థితిలో, ఆ నియమం బాధితులకు ఎంత నష్టమో ఆలోచించాలి.

బాధితుల గొంతుకు, పోలీసుల గొంతుకు తేడా ఉంటుందని చూపించిన కేసు విజయవాడ దగ్గరే ఉంది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. పోలీసులు పట్టుకున్న యువకుడికి 2010లో యావజ్జీవ శిక్ష పడింది. అతను కాదు, అసలు దోషులు వేరే అని ఆ అమ్మాయి తల్లి మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉంది. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది, అతనికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. కేసు మళ్లీ మొదటికొచ్చి సీబీఐ చేతికి వెళ్లింది. అమ్మ మాట వినే చోటు మొదట్లోనే ఉండి ఉంటే రెండు కుటుంబాల బతుకులు వేరేలా ఉండేవి.

ఏ బాధితుడు అన్నదాన్ని బట్టి

మన వ్యవస్థలో బాధితులందరూ ఒకటి కాదు. ఏ నేరం, ఎవరి మీద అన్నదాన్ని బట్టి అందే ఆసరా పూర్తిగా మారిపోతుంది.

అన్నిటికన్నా గట్టి ఏర్పాటు ఎస్సీ, ఎస్టీ చట్టంలో ఉంది. దాని వెనక తెలుగు నేల మీద కారిన రక్తం ఉంది. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యాక లేచిన ఉద్యమం 1989 చట్టం రావడానికి ఒక కారణం. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపాక, విచారణ తమ ఊళ్లోనే జరగాలని బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును చుండూరుకే రప్పించారు. సాక్షులు భయం లేకుండా నడుచుకుంటూ వచ్చి చెప్పగలిగే దూరంలో కోర్టు ఉండటమన్నది అప్పట్లో ఊహకందని సంగతి. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. పదహారేళ్లు ఆగి సాధించుకున్న తీర్పు ఏడేళ్లు కూడా నిలవలేదు.

2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో 15ఏ అనే సెక్షన్ చేరింది. బెయిల్ విచారణ సహా కోర్టులో జరిగే ప్రతిదాని గురించి బాధితులకు ముందే నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి, సాక్షులకు ప్రయాణ ఖర్చులు, రక్షణ కల్పించాలి. సాయం మొత్తం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల వరకు ఉంటుంది, అదీ విడతలుగా. హత్య అయితే పోస్టుమార్టం తర్వాత సగం, ఛార్జిషీటు కోర్టుకు వెళ్లాక మిగతా సగం. ఈ డబ్బు ఇవ్వాల్సింది కలెక్టర్, ఏడు రోజుల్లో. హత్య కేసుల్లో ఆధారపడినవాళ్లకు పెన్షన్, పిల్లలకు చదువు వేరే. 'కేసు తేలాక చూద్దాం' అనే మాటకు ఇక్కడ చోటే లేకుండా రాశారు. మిగతా బాధితులందరికీ ఇదే పద్ధతి ఎందుకు వర్తించకూడదు అన్నది న్యాయమైన ప్రశ్న.

పిల్లల విషయంలో పోక్సో చట్టం ఇంకో మంచి పని చేసింది. కేసు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా పిల్లకు తోడుగా ఒక సపోర్ట్ పర్సన్‌ను బాలల సంక్షేమ కమిటీ నియమించవచ్చు. ఆసుపత్రికి, మేజిస్ట్రేట్ దగ్గరికి, కోర్టుకు వెంట వెళ్లేది, వాయిదా ఎప్పుడో చెప్పేది, పరిహారం దరఖాస్తు పెట్టించేది ఆ మనిషే. హైదరాబాద్‌లో పోలీసులు 2016లో మొదలుపెట్టిన భరోసా కేంద్రం ఇదే ఆలోచనతో పుట్టింది. వైద్య పరీక్ష, వాంగ్మూలం, కౌన్సెలింగ్, న్యాయ సలహా ఒకే కప్పు కింద పెట్టి, పిల్లలు నిందితుడి ముఖం చూడకుండా సాక్ష్యం చెప్పే గదిని కూడా అక్కడే ఏర్పాటు చేశారు. తర్వాత మిగతా జిల్లాలకూ ఇవి విస్తరించాయి. మహిళలకు జిల్లా కేంద్రాల్లో సఖి వన్‌స్టాప్ సెంటర్లున్నాయి, కొన్ని రోజులు తలదాచుకోవడానికి కూడా. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దగ్గరి కేంద్రంతో కలుపుతారు.

ఇక కల్లు దుకాణం దగ్గర గొడవలో కత్తిపోట్లు తిన్న భవన కార్మికుణ్ని తీసుకుందాం. మగవాడు, పెద్దవాడు, ఎస్సీ ఎస్టీ కాదు. అతనికి సఖి లేదు, భరోసా లేదు, సపోర్ట్ పర్సన్ లేడు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా వైద్యం చేయాలన్న నియమం (సెక్షన్ 397) అత్యాచారం, యాసిడ్ దాడి, పోక్సో బాధితులకే పరిమితం. పోలీస్ కేసని సాకు చెప్పి డాక్టర్లు ప్రాణాపాయంలో ఉన్నవాణ్ని తిప్పి పంపకూడదని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, బిల్లు ఎవరు కట్టాలో చెప్పలేదు. ఉచిత న్యాయ సహాయం పొందేవాళ్ల జాబితాలో మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో పనిలేకుండా ఉన్నారు. నేర బాధితులు అనే వర్గం మాత్రం లేదు. అతను ఆదాయ పరిమితి లోపల ఉన్నానని నిరూపించుకోవాలి. అతనికి మిగిలింది రాష్ట్ర పరిహార పథకం ఒక్కటే. అదొకటి ఉందని అతనికి చెప్పేవాళ్లు లేరు. వాహనం గుద్ది పారిపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇచ్చే వేరే పథకం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. దాని పరిస్థితీ ఇంతే.

సాక్షిగా బెదిరింపులు ఎదురైతే 2018 నాటి సాక్షుల రక్షణ పథకం అందరికీ వర్తిస్తుంది. దరఖాస్తు జిల్లా జడ్జి నేతృత్వంలోని కమిటీకి వెళ్తుంది. డీఎస్పీ స్థాయి అధికారి ఐదు పని దినాల్లో ముప్పు ఎంత ఉందో నివేదిక ఇవ్వాలి. ఇంటి దగ్గర కాపలా నుంచి చిరునామా మార్పు దాకా ఇందులో ఉన్నాయి. అన్నీ చెప్పుకోదగ్గవే, వాడేవాళ్లే తక్కువ.

సైబర్ మోసాల బాధితులది ఇంకో లోకం. ఇక్కడ దోషి కన్నా డబ్బు ముఖ్యం, డబ్బు కన్నా గంటలు ముఖ్యం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు చేతులు మారకముందే ఖాతాలో స్తంభింపజేసే అవకాశం ఉంది. అలా ఆగిన డబ్బును తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు వెనక్కి ఇప్పిస్తోంది. ఒక్కో కేసు విచారణ ముగిసేదాకా ఆగకుండా డబ్బు తిరిగిరావడం ఈ దేశంలో అరుదైన విషయం. చిట్టీలు, స్కీముల పేరుతో ముంచినవాళ్ల ఆస్తులను జప్తు చేసి, కలెక్టర్ ద్వారా 60 రోజుల్లో బాధితులకు పంచే వీలు కూడా బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 107లో ఉంది. అది పెద్ద కుంభకోణాల్లో ఎలా పనిచేస్తుందో ఇంకా చూడాలి.

అమెరికాలో దోపిడీలకు, కాల్పులకు గురయ్యే తెలుగు విద్యార్థుల వార్తలు తరచూ వస్తున్నాయి కాబట్టి ఒక మాట. అక్కడ 1984 చట్టం కింద నేర బాధితుల నిధి ఉంది. అందులో డబ్బు పన్నుల నుంచి కాదు, ఫెడరల్ కోర్టుల్లో దోషులు కట్టే జరిమానాల నుంచి ప్రధానంగా వస్తుంది. ప్రతి రాష్ట్రంలోనూ పరిహార పథకం ఉంటుంది. వైద్య ఖర్చులు, అంత్యక్రియల ఖర్చులు, పోయిన జీతం వంటివి అడగవచ్చు. పోలీసులకు సహకరించాలన్నది మామూలుగా ఉండే షరతు. మృతదేహాన్ని ఇక్కడికి తెప్పించుకోవడానికి విరాళాలు పోగుచేసే కుటుంబాలు ఆ కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసులో విక్టిమ్ అడ్వకేట్ ఉన్నారేమో ముందుగా కనుక్కోవాలి. ఫారాలు నింపించడం, గడువులు గుర్తుచేయడం, కోర్టు తేదీలు చెప్పడం ఆ మనిషి ఉద్యోగం.

పోక్సో కేసులు పక్కన పెడితే, మన దగ్గర లేనిది సరిగ్గా ఆ ఉద్యోగమే. హక్కులు 173లో ఒకటి, 193లో ఒకటి, 396లో ఒకటి చెదిరి ఉన్నాయి. వాటిని బాధితుడికి చెప్పాల్సిన బాధ్యత ఫలానా మనిషిది అని ఎక్కడా రాసిలేదు. ఎస్సై దృష్టి నిందితుడి మీద, ఏపీపీ దృష్టి సాక్ష్యం మీద, జడ్జి దృష్టి తీర్పు మీద. పరిహారం దరఖాస్తుకు నల్సా పథకంలో గడువు మూడేళ్లు. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నిస్తారు. జిల్లా సంస్థ తక్కువ ఇచ్చిందనిపిస్తే 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. అక్షరం రానివాళ్లు కూడా న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి ఈ సంగతులు కనుక్కోవచ్చు. ప్రతి స్టేషన్‌కూ ఒక సపోర్ట్ పర్సన్‌ను పెట్టడానికి బడ్జెట్ కావాలి, నియామకాలు కావాలి, ఏళ్లు పడుతుంది. ఉచితంగా ఇచ్చే ఎఫ్‌ఐఆర్ కాపీ అడుగున జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చిరునామా, 15100 నంబరు, "కేసు తేలకముందే పరిహారానికి దరఖాస్తు చేసుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం తెలుగులో అచ్చు వేయడానికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు, డీజీపీ ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ చాలు.